పెద్దవాళ్ళతో, పిల్లలతో స్ప్రింగ్ బ్రేక్‌కి ప్లాయా డెల్ కార్మెన్: రిసార్టా, ఊళ్ళో అపార్ట్‌మెంటా?

డాలస్ నుంచి మార్చి సెలవుల్లో మెక్సికో కరీబియన్ తీరంలోని ప్లాయా డెల్ కార్మెన్ వెళ్ళాలనుకుంటున్నాం, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు కూడా ఉంటారు, పెద్దవాళ్ళు శాకాహారులు, ఆల్ ఇన్‌క్లూజివ్ (గది, తిండి, మందు అన్నీ ఒకే ధరలో) రిసార్ట్ తీసుకోవచ్చా అని ఒకరు అడిగారు. మేం మా అమ్మానాన్నలతో, పిల్లలతో ఇదే ఊరు వెళ్ళొచ్చాం. రిసార్ట్ వద్దండి. ఊళ్ళో వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి.

కారణాలు చెప్పేముందు ఒక మాట. టికెట్లు కొనకముందే అందరి పాస్‌పోర్టులూ బయటికి తీసి చూడండి. ఇండియన్ పాస్‌పోర్టులో గడువు తీరని అమెరికా వీసా స్టాంపు ఉంటే మెక్సికో వీసా విడిగా అక్కర్లేదు. గ్రీన్ కార్డు ఉన్నా అంతే. కాబట్టి విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్ళకి మామూలుగా ఇబ్బంది ఉండదు. స్టాంపు పాత పాస్‌పోర్టులో ఉంటే రెండూ పట్టుకెళ్ళాలి. చిక్కు ఎక్కువగా వచ్చేది మనకే. హెచ్-1బి (ఉద్యోగ వీసా) ఎక్స్‌టెన్షన్ వచ్చి, పాస్‌పోర్టులో కొత్త వీసా స్టాంపు వేయించుకోనివాళ్ళు ఎంతోమంది ఉంటారు. ఆ ఎక్స్‌టెన్షన్ అప్రూవల్ కాగితం ఒక్కటే చూపిస్తే మెక్సికోలోకి రానివ్వరు, మెక్సికో కాన్సులేట్‌లో వీసా తీసుకోవాల్సిందే. 30 రోజుల లోపు మెక్సికో వెళ్ళొచ్చేవాళ్ళకి పాత స్టాంపుతో అమెరికాలోకి తిరిగి వచ్చే వెసులుబాటు ఒకటుంది గానీ, అది మెక్సికోలో దిగడానికి పనికిరాదు. ఇంకోటి, మెక్సికో వెళ్ళొస్తే అత్తయ్యగారి వాళ్ళకి అమెరికాలో ఉండడానికిచ్చిన ఆరు నెలల గడువు మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుందని మాత్రం లెక్కేసుకోకండి.

ఇక బస సంగతి. చాలామంది రిసార్ట్ తీసుకునేది బీచ్ కోసం. మెక్సికోలో చట్టప్రకారం బీచ్‌లన్నీ ప్రజలవే, ఊళ్ళో ఎక్కడ దిగినా నడిచి వెళ్ళొచ్చు. పెద్ద రిసార్టులు చాలావరకు హైవే పక్కన, గేట్ల వెనక ఉంటాయి. పిల్లలకి పూల్ సరిపోతుంది, కానీ ఈత రాని, మందు తాగని, బఫేలో సగం వంటకాలు ముట్టని పెద్దవాళ్ళకి అక్కడ రెండో రోజు నుంచే పొద్దుపోదు. పైగా వాళ్ళు తినని తిండికీ తాగని మందుకీ మనిషికింత అని మీరు కట్టేస్తారు. ఊళ్ళో అయితే క్వింటా అవెనిదా అనే పొడవాటి వీధి ఉంది. అందులో బళ్ళు తిరగవు, నడిచేవాళ్ళకే. సాయంత్రం ఆరింటికి మా నాన్న మమ్మల్ని అడక్కుండానే చెప్పులేసుకుని బయలుదేరేవారు. వీధి దక్షిణం చివర, సముద్రం ఒడ్డున ఫుందదోరెస్ పార్కు ఉంది. అక్కడ ఎత్తైన స్తంభం మీద నుంచి కాళ్ళకి తాళ్ళు కట్టుకుని గిరగిరా తిరుగుతూ కిందికి దిగే వోలదోరెస్ ఆటగాళ్ళని చూడ్డానికి అమ్మ రోజూ వెళ్ళేది. ఇల్లు వెతికేటప్పుడు కాయె 12 (కాయె అంటే వీధి) దరిదాపుల్లో వద్దు, నైట్ క్లబ్బులన్నీ అక్కడే. కాయె 30 దాటి ఉత్తరం వైపు చూడండి, రాత్రి నిద్ర పడుతుంది.

వంటగది ఎందుకంటే, అక్కడ శాకాహారం అంటే పైకి మాంసం ముక్క కనబడకపోవడమే. నల్ల బీన్స్ ముద్దని చాలాచోట్ల పంది కొవ్వుతో వేయిస్తారు, అన్నాన్ని కోడి పులుసులో ఉడికిస్తారు. ఆర్డర్ ఇచ్చేటప్పుడు ‘సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ పెస్కాదో’ అని ఆగిపోకుండా, ‘సిన్ మంతేకా, సిన్ కాల్దో దె పోయో’ అని కూడా చెప్పాలి. అంటే మాంసం, కోడి, చేపలతో పాటు పంది కొవ్వు, కోడి పులుసు కూడా వద్దని. ఇది ఫోన్‌లో రాసి పెట్టుకుని చూపించండి. మా ఇంట్లో ఒక పూట బయట, ఒక పూట ఇంట్లో అని పెట్టుకున్నాం. సూపర్ మార్కెట్లో బియ్యం, పెరుగు, టమాటా, కొత్తిమీర, పచ్చిమిర్చి, చింతపండు అన్నీ దొరికాయి. పోపు సామాన్లు, ఇంగువ మేం తీసుకెళ్ళాం, అమ్మ రోజూ చారు పెట్టింది. కారం కోసం బెంగ అక్కర్లేదు, హబనేరో మిరప ఆ ప్రాంతపు పంటే, చెంచాడు సాల్సా చాలు. ‘ఆగ్వా దె హమైకా’ అని ఎర్రటి పానీయం అమ్ముతారు, తప్పకుండా తాగించండి. అది మన ఎర్ర గోంగూర మొక్కదే, కాయ చుట్టూ ఉండే పుల్లటి ఎర్ర రేకలతో కాస్తారు. కుళాయి నీళ్ళు మాత్రం తాగకండి, పళ్ళు తోముకోవడానికి కూడా సీసా నీళ్ళే వాడండి.

ఇప్పుడు ఏ వారం అన్నది. వాతావరణానికి మార్చి మంచి నెల. వానలు తక్కువ, తుఫానుల కాలం జూన్‌లో గానీ మొదలవదు. మీ ఆనందాన్ని చెడగొట్టగలిగేవి రెండు. ఒకటి సర్గాసం అనే గోధుమరంగు నాచు. అట్లాంటిక్‌లో పెరిగి, ప్రవాహాలతో కరీబియన్‌లోకి కొట్టుకొస్తుంది. 2011 నుంచి ఇది పెద్ద సమస్య అయింది. ఒడ్డున పడి కుళ్ళితే కోడిగుడ్డు మురిగిన వాసన. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా జోరు ఎక్కువ, కొన్నేళ్ళు మార్చిలోనే మొదలవుతుంది. అందుకే నెలాఖరు కన్నా మార్చి మొదటి సగం మేలు. రెండోది పవిత్ర వారం. ఈస్టర్ ముందు, తర్వాత వారాల్లో మెక్సికో జనమే సెలవులకి అక్కడికి వస్తారు, గదుల ధరలు పెరుగుతాయి. 2027లో ఈస్టర్ మార్చి 28న పడుతోంది, చూసుకోండి.

నాచు వచ్చిందని ట్రిప్ పోయినట్టు కాదు. ఊరి రేవు నుంచి ఫెర్రీలో ముప్పావుగంట వెళితే కొజుమెల్ దీవి. నాచు తూర్పు నుంచి వస్తుంది కాబట్టి దీవి పడమటి ఒడ్డు చాలావరకు శుభ్రంగానే ఉంటుంది. ఫెర్రీ బాగా ఊగుతుంది, పెద్దవాళ్ళకి ముందే వాంతుల మాత్ర ఇవ్వండి. లేదా సెనోతెలకి (సహజమైన నీటి గుండాలకి) వెళ్ళండి. నా మటుకు నాకు సముద్రం కన్నా అవే ఎక్కువ నచ్చాయి. అక్కడి నేలంతా సున్నపురాయి, వాన నీరు కిందికి ఇంకిపోయి భూగర్భంలో ప్రవహిస్తుంది. పైకప్పు కూలిన చోట తేటనీటి గుండం బయటపడుతుంది. ఊరికి దక్షిణాన దగ్గర్లోనే ఉన్న సెనోతె అసూల్ ఆకాశం కనిపించే గుండం, లోతులేని చోట్లూ ఉన్నాయి. మా అమ్మ అక్కడ రాతి మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని, చేపపిల్లలు పొడుస్తుంటే చిన్నపిల్లలా నవ్వింది. సన్‌స్క్రీన్ రాసుకుని దిగకూడదు, పిల్లలకి పొడుగు చేతుల ఈత చొక్కాలు వేయండి.

మాయన్ల పాత నగరం చిచెన్ ఇత్సా చూడాలనుకుంటే మార్చి 20, 21 తేదీలు వదిలేయండి. విషువత్తు (పగలు, రాత్రి సమానంగా ఉండే) రోజుల్లో అక్కడి కుకుల్కాన్ పిరమిడ్ మెట్ల మీద పాములా పాకే నీడని చూడ్డానికి విపరీతంగా జనం వస్తారు. మిగతా రోజుల్లో కూడా నీడ తక్కువ, ఎండ ఎక్కువ, పిరమిడ్ ఎక్కనివ్వరు. దారి రెండున్నర గంటలు. అయితే అది యుకతాన్ రాష్ట్రం, అక్కడి గడియారం ప్లాయా కంటే ఒక గంట వెనక. ఆరింటికి బయలుదేరితే అక్కడి టైమ్ ప్రకారం ఏడున్నరకే గేటు దగ్గర ఉంటారు, ఎనిమిదింటికి తెరుస్తారు.

మీరు విమానం దిగే కాంకున్ ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ దాటగానే టాక్సీ సాయం అంటూ పలకరించేవాళ్ళలో టైమ్ షేర్ (ఏటా కొన్ని రోజులు ఉండే రిసార్ట్ వాటా) అమ్మేవాళ్ళు ఎక్కువ, ఆగకుండా బయటికి నడవండి. ఏడీఓ అనే కంపెనీ బస్సు నేరుగా ప్లాయాకి ఉంది, సుమారు గంట. ఏటీఎంలో డాలర్లలోకి మార్చి చూపిస్తే వద్దని నొక్కి, పెసోల్లోనే తీసుకోండి. మీ వీసా స్టాంపుల తేదీలు, పిల్లల వయసులు రాస్తే రోజువారీ ప్లాన్ కూడా రాసి పెడతాను.