కొన మీద చిల్లున్న గుల్ల కీహోల్ లింపెటేనా?

లింపెట్ అంటే రాళ్లకు అతుక్కుని బతికే సముద్రపు నత్త; కొన మీద సహజంగానే చిల్లుండేది కీహోల్ లింపెట్. దక్షిణ కాలిఫోర్నియా ఒడ్డున దొరికిన గొడుగు ఆకారపు గుల్ల కీహోల్ లింపెటా, కొన అరిగి చిల్లుపడ్డ మామూలు లింపెటా అని ఒకరు అడిగారు. పైనుంచి చూస్తే తేలదు. తిరగేసి లోపల చూడండి.

కీహోల్ అయితే చిల్లు చుట్టూ నున్నటి మందపు గట్టు ఉంటుంది. పిల్ల దశలో గుల్ల అంచున ఉండే గంటు, పెరిగేకొద్దీ మూసుకుపోయి కొనకు చేరి ఈ చిల్లుగా మారుతుంది. తల వైపు నుంచి లోపలికి వచ్చిన నీరు రెండు మొప్పలనూ తడిపి, మలినాలతో సహా ఇందులోంచే బయటికి పోతుంది. అలలకు అరిగిన గుల్లకు ఈ గట్టు ఉండదు, చిల్లు అంచు పలచగా ఉంటుంది. వేటాడే నత్త తొలిచిన చిల్లయితే చిన్నగా, గుండ్రంగా, కొన మీదే కాక ఎక్కడైనా ఉండొచ్చు.

జాతి తేల్చేదీ ఆ గట్టే. దాని వెనక వైపు కత్తిరించినట్టు తిన్నగా ఉండి, గుల్ల పైన అడ్డం నిలువు గీతలతో గరుకుగా ఉంటే డయొడోరా ఆస్పెరా. గట్టు గుండ్రంగా తిరిగి, చుట్టూ గులాబీ రంగు గీత కనిపిస్తే ఫిసురెల్లా వోల్కానో. ఇది మూడు సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. గుల్ల పది సెంటీమీటర్లు దాటి, చిల్లు బాగా పెద్దగా ఉంటే మెగాతురా క్రెన్యులాటా. బతికున్నప్పుడు నల్లటి లేదా మచ్చల చర్మం గుల్లను కప్పేస్తుంది కాబట్టి చాలామంది దీన్ని గుల్లలేని సముద్రపు నత్త అనుకుంటారు. రోగనిరోధక పరిశోధనల్లో వాడే కేఎల్‌హెచ్ అనే రాగి ప్రోటీన్ దీని రక్తంలోదే.

బతికున్నవాటిని చూడాలంటే ఎత్తైన ఎండు రాళ్ల మీద వెతకడం వృథా. కొన తెరిచి ఉండటంతో తడిని పట్టి ఉంచుకోలేవు, అందుకే నీరు బాగా దిగినప్పుడే బయటపడే కిందిమట్టంలోనే, రాళ్ల అడుగున, నీడ పక్కల ఉంటాయి. ఆటుపోట్ల పట్టికలో మట్టం సున్నా అడుగుల కంటే దిగే రోజు ఎంచుకుని, నీరు పూర్తిగా దిగడానికి గంట ముందే చేరండి. అక్కడ నీరు అంతగా దిగడం చలికాలంలో మధ్యాహ్నం వేళ జరుగుతుంది. రాయి ఎత్తితే మెల్లగా యథాస్థానంలో పెట్టండి.

డయొడోరా గుల్ల కింద పొలుసుల పురుగు కనిపిస్తే పరాన్నజీవి అనుకుని లాగేయకండి. నక్షత్ర చేప పైకొస్తే దాన్ని కరిచి తరిమేది ఆ పురుగే. లింపెట్‌ను కత్తితో పెకలించడం అసలే వద్దు, పాదం చిరిగితే మళ్లీ రాయిని పట్టుకోలేదు. శాన్ డియాగోలోని పాయింట్ లోమా దగ్గరి కాబ్రిల్లో జాతీయ స్మారకంలో ఖాళీ గుల్ల తీసుకోవడం కూడా నిషిద్ధం, కాబట్టి లోపలి వైపు ఫోటో తీసుకుని దొరికిన చోటే పెట్టేయండి.