రెండుగా చీలిన చెట్టును ఇంగ్లీషులో ఏమనాలి?

మోకాలి ఎత్తులోనే రెండుగా చీలి పైకి పెరిగిన చెట్టును వర్ణించాలి, ఫోర్క్‌డ్ అనాలా, బైఫర్కేటెడ్ అనాలా, బ్రాంచ్‌డ్ అనాలా అని అడిగారు. ఫోర్క్‌డ్ అని రాయండి. అనువాదాలు చేస్తూ ఈ మాటల దగ్గర నేను చాలాసార్లు తడబడ్డాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

బ్రాంచ్‌డ్ అంటే కొమ్మలు వేసిందని. చాలా చెట్లు వేస్తాయి, అందులో చదివేవాళ్లకు కొత్తగా తెలిసేది ఏమీ లేదు. ఫోర్క్ అంటే మాను తానే పంగలా విడిపోయిందని, రెండు పాయలూ ఇంచుమించు ఒకే లావున ఉన్నాయని అర్థమవుతుంది. మన పంగలకర్రలో ఉన్న పంగ అన్నమాట. బైఫర్కేట్ కూడా అదే వేరు నుంచి వచ్చింది. లాటిన్‌లో ఫుర్కా అంటే గడ్డి ఎత్తే రెండు పళ్ల పనిముట్టు. అయితే ఫోర్క్ ఎప్పుడో ఇళ్లలోకి, పొలాల్లోకి వచ్చేసింది, బైఫర్కేట్ పండితుల మాటగానే ఉండిపోయింది. శ్వాసనాళం రెండు ఊపిరితిత్తుల వైపు చీలే చోట, మెడలోని కెరోటిడ్ ధమని రెండయ్యే చోట డాక్టర్లు వాడేది ఈ మాటనే. మూడుగా చీలితే ట్రైఫర్కేట్. పెరట్లో చెట్టుకు బైఫర్కేటెడ్ అని రాస్తే వర్ణన కాస్తా ల్యాబ్ రిపోర్టులా అయిపోతుంది.

నదుల దగ్గర మాత్రం ఫోర్క్ మోసం చేస్తుంది, నన్ను చేసింది కూడా. అమెరికాలోని మోంటానా గురించిన ఒక యాత్రా వ్యాసంలో త్రీ ఫోర్క్స్ అనే చోటు వచ్చింది. పేరు చూసి నది అక్కడ మూడు పాయలుగా చీలుతుందనుకుని అలాగే తెలుగు చేసి పంపేశాను. మళ్లీ చదువుతుంటే తర్వాతి పేరాలో నీళ్లు ఎటు పారుతున్నాయో అర్థం కాలేదు. మ్యాప్ తీసి చూస్తే గుండె జారిపోయింది. అక్కడ చీలేది ఏదీ లేదు. జెఫర్సన్, మాడిసన్, గాలటిన్ అనే మూడు నదులు కలిసి మిస్సోరీ నది మొదలయ్యేది అక్కడే. 1805లో ఆ ప్రాంతాన్ని అన్వేషిస్తూ వెళ్లిన లూయిస్, క్లార్క్ బృందం ఆ మూడింటికీ అప్పటి అధ్యక్షుడి పేరు, ఇద్దరు మంత్రుల పేర్లు పెట్టింది. అమెరికా ఇంగ్లీషులో వచ్చి కలిసే ఉపనదిని కూడా ఫోర్క్ అనే అంటారు. నేను నీటిని వెనక్కి పారించాను! అచ్చుకు వెళ్లకముందే దిద్దుకోగలిగాను గానీ ఆ రాత్రంతా టెన్షనే.

అప్పటి నుంచి నది కనిపిస్తే ముందు ప్రవాహం దిశ చూస్తాను. వచ్చి కలిసేది ట్రిబ్యూటరీ, విడిపోయి వెళ్లేది డిస్ట్రిబ్యూటరీ. తెలుగులో ఉపనది, పాయ అని రెండు వేర్వేరు మాటలు ఉండటం ఎంత మేలో అప్పుడే తెలిసింది.

ఒక్కసారి చీలడం వేరు, చీలినదే మళ్లీ మళ్లీ చీలడం వేరు. రెండోదానికి రామిఫై ఉంది, లాటిన్‌లో రాముస్ అంటే కొమ్మ. ఆకారం చెట్టులా కనిపిస్తోందని చెప్పాలంటే డెండ్రిటిక్, గ్రీకులో డెండ్రాన్ అంటే చెట్టు. నాడీకణానికి ఉండే డెండ్రైట్లకు ఆ పేరు అలా వచ్చిందే. పై నుంచి చూస్తే చెట్టు కొమ్మల్లా అల్లుకుని కనిపించే వాగుల వ్యవస్థను కూడా భూగోళం పుస్తకాల్లో డెండ్రిటిక్ అనే రాస్తారు.

పూర్తిగా విడిపోకుండా కొనలో మాత్రమే చీలితే శాస్త్రంలో బైఫిడ్ అంటారు. పాము నాలుక అలాంటిదే, మామూలు మాటల్లో అయితే ఫోర్క్‌డ్ టంగ్. ఆవు గిట్టకు మాత్రం క్లోవెన్ అనే అంటారు, గ్రహణం మొర్రికి క్లెఫ్ట్ అంటారు. ఈ రెండూ క్లీవ్ అనే ఒకే క్రియ నుంచి వచ్చినా ఒకదాని చోట ఇంకొకటి వేస్తే చెవికి తప్పుగా వినిపిస్తుంది. ఇవి సూత్రంతో వచ్చేవి కావు, చదవగా చదవగా అలవాటు కావాల్సిందే.

చీలికను కాకుండా చీలిన ముక్కను చెప్పాలంటే దానికీ పేర్లున్నాయి. జింక కొమ్ముకు ఉండే ఒక్కో మొనను, తినే ఫోర్కుకు ఉండే ఒక్కో పన్నును టైన్ అంటారు. కరెంటు ప్లగ్గుకు ఉండేవి ప్రాంగ్స్.

ఇక మీ చెట్టు. రెండు పాయలూ కలిసే ఆ సందుకు చెట్ల నిపుణులు క్రాచ్ అనే మాట వాడతారు. అదే మాటకు మనిషి తొడల సందు అని కూడా అర్థం ఉంది కాబట్టి కథలోనో వ్యాసంలోనో అయితే వద్దు, అక్కడా ఫోర్క్ చాలు. ఆ సందులో పిట్టగూడు ఉందని కూడా రాశారు కదా, నేనైతే ఇలా రాస్తాను: ద ట్రంక్ ఫోర్క్స్ ఎట్ నీ హైట్, అండ్ ఎ నెస్ట్ సిట్స్ ఇన్ ద ఫోర్క్. మొదటిది క్రియ, రెండోది నామవాచకం. ఒకే మాట రెండుసార్లు వచ్చిందని మార్చకండి, అక్కడ అది బాగుంటుంది.