మొదటి జీతం అందుకున్న మా అబ్బాయికి

నాన్నా,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. ఫోన్లో చెబితే సగం వింటావు, సగం 'ఊ' కొడతావు, అందుకని కాగితం మీద రాస్తున్నాను. పరవాడలో ఉద్యోగం వచ్చింది, మొదటి జీతం అందింది, అది మొత్తం దేవునికి ప్రథమ ఫలంగా చర్చి సంఘానికి ఇచ్చేస్తానన్నావు. విశ్వాసిగా బతకడం ఎక్కడ మొదలుపెట్టాలి పెద్దమ్మా అని కూడా అడిగావు. జీతం సంగతి చివర్లో చెబుతాను. రెండోదానికి నా జవాబు, బాకీల దగ్గర మొదలుపెట్టు.

నవ్వకు. రోమా విశ్వాసులకు రాసిన పత్రికలో, అంటే ఉత్తరంలో, పదమూడో అధ్యాయంలో పౌలు, ప్రేమించే విషయంలో తప్ప ఎవరికీ ఏమీ 'అచ్చియుండవద్దు' అంటాడు. అచ్చి ఉండటమంటే బాకీ పడి ఉండటం. ఈ మాట ఇప్పుడు బైబిల్లో తప్ప ఎవరి నోటా వినపడదు. అందుకేనేమో, గడగడా చదివేస్తాం గానీ మనకు తగలదు. నాకు తగిలింది ఒక చేపలావిడ వల్ల.

పెదజాలారిపేట నుంచి గంపతో మా కాలనీకి వచ్చేది. ఒక ఏప్రిల్ మొదట్లో వంజరం ముక్కలు తీసుకుని, చిల్లర లేదని 340 రూపాయలు ఆపాను. 15వ తారీఖు నుంచి వేట నిషేధం. జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు ఒడ్డునే ఉంటాయి, ఆవిడకి గంప ఎత్తే పనే ఉండదు. ఆ రెండు నెలలూ నేను ఉపవాస కూటాలకు వెళ్ళాను, రెండుసార్లు ప్రభువు బల్లలో చెయ్యి వేసి రొట్టె, ద్రాక్షారసం తీసుకున్నాను. డబ్బు సంగతి మర్చిపోయానని చెప్పను. గుర్తుంది. వస్తుంది కదా, అప్పుడిద్దాం అనుకున్నాను. జూన్ చివర్లో వచ్చినప్పుడు ఇచ్చాను. "మధ్యలో ఒకసారి వద్దామనుకున్నానమ్మా, పిల్లకి జ్వరం వచ్చినప్పుడు. మీరు చర్చికెళ్ళేవాళ్ళు, ఇంటికొచ్చి అడిగితే బాగోదని ఊరుకున్నాను" అంది. తిట్టినా బాగుండేది. నా భక్తి ఆవిడ నోరు నొక్కేసింది చూడు.

అప్పట్నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాను. పనమ్మాయి జీతం ఒకటో తారీఖు పొద్దున్నే, ఇస్త్రీ అబ్బాయికి బట్టలు తెచ్చినప్పుడే. కూలివాడి డబ్బు తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండంలోనే ఉంది. నువ్వు గాజువాక రూములో నలుగురితో ఉంటున్నావు. కరెంటు బిల్లులో నీ వాటా, టీ కొట్టు ఖాతా, ఎవరి దగ్గరో తీసుకున్న పెట్రోలు డబ్బులు, ముందు ఇవి చూసుకో. నాకు ఫోన్‌పే రాదు కాబట్టి చిల్లర లేదన్నాను. నీకు ఆ సాకు కూడా లేదు.

డబ్బు కాని బాకీలూ ఉంటాయి. అర్పణ తెచ్చినప్పుడు నీ సహోదరుడు గుర్తొస్తే, అది అక్కడే వదిలేసి వెళ్ళి సమాధానపడి రమ్మన్నాడు యేసు ప్రభువు. ఆ మాట సరిగ్గా చదువు. నీకు అతని మీద కోపముంటే అనలేదు, అతనికి నీమీద ఏదైనా ఉంటే అన్నాడు. షిఫ్టులో కొత్త కుర్రాడి మీద నలుగురి ముందు అరిస్తే, ఆ నలుగురి ముందే తప్పయిందని చెప్పు. స్టేటస్‌లో వాక్యం పెడితే అది తీరదు.

ముప్పై ఒక్క ఏళ్ళు నర్సుగా చేశాను కదా, వార్డుల్లో ప్రార్థన చేసేవాళ్ళని చాలామందిని చూశాను. మంచివాళ్ళే. కానీ ఆపరేషనై మూలుగుతున్న మనిషి పక్కన గొంతెత్తి అరగంట ప్రార్థించి, పక్క మంచం మనిషి నిద్ర కూడా పాడుచేసి వెళ్ళేవాళ్ళుంటారు. మూడు రోజులుగా ఆ మనిషి భార్య తిన్నదా లేదా అని అడగరు. పాడేరు వైపు నుంచి వచ్చినవాళ్ళకి చీటీ ఎక్కడ రాయించాలో, రక్తం ఎక్కడ ఇస్తారో తెలియక కారిడార్లలో తిరుగుతుంటారు. నువ్వెప్పుడైనా ఆసుపత్రికి వెళ్తే అలాంటి ఒక్కరిని ఆ కిటికీ దాకా నడిపించు. ప్రార్థన చెయ్యమంటావా అని తర్వాత అడుగు. వద్దంటే వద్దు, మనసులో చేసుకో.

ఇంకోటి. దారిలో దెబ్బలు తిని పడి ఉన్న పరాయివాణ్ణి ఆదుకున్న మంచి సమరయుడి కథ వినగానే సమరయుడి వేషం మనమే వేసేసుకుంటాం. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు. ఆరాధన లేదు, కిటికీ అద్దాలు లేవు, తర్వాత రోజుల్లో కరెంటు లేక మోటారు లేదు, నీళ్ళూ లేవు. ఎదురు ఫ్లాటువాళ్ళు డ్రమ్ముల్లో పట్టి ఉంచుకున్న నీళ్ళలోంచి రోజూ రెండు బకెట్లు మా గుమ్మం ముందు పెట్టేవారు. సింహాచలం అప్పన్నకి మొక్కుకునే ఇల్లు అది. పొరుగువాడి మీద ప్రసంగాలు నేను ఎన్ని విన్నానో, వాళ్ళు ఒక్కటీ వినలేదు. దారిలో పడి ఉన్నది ఆ వారం మేమే.

ప్రసాదం గురించి అడిగావు, అందుకే వాళ్ళు గుర్తొచ్చారు. ఈ విషయంలో మనవాళ్ళలోనే రెండు మాటలున్నాయి, కొరింథీ పత్రికలో పౌలు కూడా మనస్సాక్షి సంగతి చాలాసేపు మాట్లాడాడు. నేను తినను. తీసుకుని చెత్తబుట్టలో వేయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు, అది అబద్ధం, పైగా అవమానం. "మాకు అలవాటు లేదండీ, ఏమనుకోకండి, మీ ఇంట్లో పులిహోర చేసినప్పుడు పెట్టండి" అని మొహమాటం లేకుండా చెప్పాను. ఏమీ అనుకోలేదు. పులిహోర వస్తూనే ఉంది, క్రిస్మస్‌కి మన అరిసెలు వెళ్తూనే ఉన్నాయి.

ఆఫీసులో సువార్త ఎప్పుడు చెప్పాలన్నావు. తొందరేముంది? 1805లో క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు మిషనరీలు మన విశాఖపట్నం వచ్చారు. ముందు కూర్చుని తెలుగు నేర్చుకున్నారు, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తల అనువాదం మొదలుపెట్టారు. 1810 నాటికి ఇద్దరూ కన్నుమూశారు. వాళ్ళకున్న కొద్దికాలంలోనే భాష నేర్చుకోవడానికి ఓపిక పట్టారంటే, నీ పక్క సీటు కుర్రాడి ఇంటి సంగతులు తెలుసుకోవడానికి నీకో ఏడాది పట్టినా ఫర్వాలేదు.

ఇక జీతం. దేవునికి అర్పితమని చెప్పి తల్లిదండ్రులకు చేయాల్సింది ఎగ్గొట్టేవాళ్ళని యేసు ప్రభువు ఎలా గద్దించాడో మార్కు ఏడో అధ్యాయంలో చదువు. నీ కోచింగ్ ఫీజుకి మీ అమ్మ గొలుసు బ్యాంకులో పెట్టింది. రెండేళ్ళుగా చర్చికి పసుపుతాడంత సన్నటి రోల్డ్‌గోల్డ్ గొలుసు వేసుకొస్తోంది, నువ్వు చూసి ఉండవు. దశమభాగం తీసి సంఘానికి ఇవ్వు, నేనేమీ వద్దనను. మిగిలింది పట్టుకుని ఆదివారం కంచరపాలెం వెళ్ళు. గొలుసు రసీదు అడిగితే మీ అమ్మ ఇవ్వదు, ఇప్పుడెందుకు అంటుంది. బీరువాలో వెతక్కు. తన బైబిలు కవరు జిప్పులో ఉంటుంది.

పెద్దమ్మ