ఢిల్లీ కోచింగా, జిల్లా కోర్టా?

ప్రశ్న: మా అమ్మాయి అయిదేళ్ల లా కోర్సు ఆఖరి ఏడాదిలో ఉంది. జూనియర్ సివిల్ జడ్జి కావాలని పట్టుదల. మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలంటున్నారు. ఆ మూడేళ్లూ ఢిల్లీలో కోచింగ్ ఇప్పించమంటారా, కోర్టుకు పంపమంటారా? ఆ పోస్టులు జడ్జీల బంధువులకే వస్తాయట కదా? పెళ్లి కూడా చేయాలి.
– ఒక తండ్రి, జనగామ

జవాబు: ముందు బంధువుల మాట తేల్చుకుందాం. టీవీల్లో కొలీజియం (జడ్జీల పేర్లు సిఫార్సు చేసే సీనియర్ జడ్జీల బృందం) మీద నడిచే చర్చంతా హైకోర్టు, సుప్రీంకోర్టు జడ్జీల నియామకం గురించి. మీ అమ్మాయి కోరుకుంటున్న పోస్టుకు స్క్రీనింగ్, మెయిన్స్, వైవా ఉంటాయి. ఆ భయం వదిలేయండి.

2002లో ఎత్తేసిన మూడేళ్ల నిబంధనను సుప్రీంకోర్టు 2025 మే 20న మళ్లీ తెచ్చింది. ఆడపిల్లలకు, లేనివాళ్లకు ఇది భారమన్న విమర్శ ఉంది, అందులో నిజముంది. జూనియర్ లాయర్లకు నెలకు పట్టణాల్లో 20,000, పల్లెల్లో 15,000 ఇవ్వాలని బార్ కౌన్సిల్ 2024లో చెప్పింది కానీ అది సూచనే. చాలామంది సీనియర్లు ఇచ్చేది బస్సు చార్జీలకు కూడా చాలదు. కోచింగ్‌కు దాచిన డబ్బు అమ్మాయికి ఈ మూడేళ్ల ఖర్చులకు ఇవ్వండి.

ఢిల్లీ కోచింగ్ మీద నాకు నమ్మకం తక్కువ. ఇక్కడి పరీక్షలో తెలుగు, ఇంగ్లిష్ అనువాదం ఉంటుంది. సాక్షి తెలుగులో చెప్పేది కోర్టులో ఇంగ్లిష్‌లో ఎలా రికార్డవుతుందో రోజూ వినే పిల్లకు అది వేరే నేర్పక్కర్లేదు. తాత్కాలిక ఇంజంక్షన్ (కేసు తేలేదాకా అవతలివాళ్లను ఆపే ఉత్తర్వు) పిటిషన్ నాలుగుసార్లు రాస్తే, దానికి చూపాల్సిన ప్రైమా ఫేసీ కేసు (పైకి చూస్తేనే బలమున్న కేసు), బ్యాలెన్స్ ఆఫ్ కన్వీనియెన్స్ (ఉత్తర్వు ఇవ్వకపోతే ఎవరికి ఎక్కువ ఇబ్బంది), పూడ్చలేని నష్టం బట్టీ పట్టే పని ఉండదు. దావాలో ఆస్తి వివరాలు రాసే షెడ్యూల్లో హద్దులు దస్తావేజుతో కలవక దావా రిటర్న్ అయితే, ఆ తప్పు మళ్లీ జన్మలో చేయదు.

చిక్కు వచ్చేది ప్రాక్టీసు రుజువు దగ్గర. లెక్క ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ (బార్ పరీక్షకు ముందే బార్ కౌన్సిల్‌లో న్యాయవాదిగా తాత్కాలిక నమోదు) తేదీ నుంచే మొదలవుతుంది. బార్ పరీక్ష పాసయ్యాక చేరదామని ఆగితే ఆ నెలలు పోయినట్టే. అక్కడి ప్రధాన న్యాయాధికారి గానీ, పదేళ్ల అనుభవమున్న న్యాయవాది గానీ సర్టిఫికెట్ ఇవ్వాలి. న్యాయవాది ఇస్తే దానిపై జిల్లా ప్రధాన న్యాయాధికారి ఆమోదం కావాలి. ఫైళ్లు మోయడంతోనే మూడేళ్లు గడిస్తే చూపించడానికేమీ మిగలదు. వకాలత్‌లో (కక్షిదారు లాయరుకు ఇచ్చే అధికారపత్రం) సీనియర్ పేరు కింద తన పేరు రాయించుకోవాలి. కేసు నంబర్లు, తను హాజరైన వాయిదాల డాకెట్ ఆర్డర్లు (ఆ రోజు కోర్టు రాసిన ఉత్తర్వులు) నెలనెలా ఒక ఫైల్లో పెట్టుకోవాలి.

పెళ్లి సంగతి: బాగా చదివే పిల్ల కెరీర్ ప్రశ్న చివర ఆ వాక్యం తగిలించడం తగదండీ. ఎప్పుడు చేసుకోవాలో ఆమెనే అడగండి. ఊరు మారినా ఎన్‌రోల్‌మెంట్ దేశమంతటా చెల్లుతుంది. వెళ్లేముందు పాత సీనియర్ దగ్గర అప్పటివరకు చేసిన కాలానికి సర్టిఫికెట్ తీసుకుంటే చాలు.

మొదటిసారి జడ్జి పోస్టు రాకపోయినా దిగులు వద్దు. తెలంగాణలో అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ (క్రిమినల్ కేసుల్లో ప్రభుత్వం తరఫున వాదించే లాయరు) పోస్టులకూ క్రిమినల్ కోర్టుల్లో మూడేళ్ల ప్రాక్టీసు అడుగుతారు. అందుకే సివిల్, క్రిమినల్ రెండూ చూసే సీనియర్‌ను ఇప్పుడే వెతకండి.