హార్నెట్ సంతకం ఉన్నా చిత్రం పీటోది కావచ్చు

మీరు పంపిన నిశ్చల చిత్రంపై (వస్తువులను అమర్చి గీసే స్టిల్ లైఫ్) 19వ శతాబ్దపు అమెరికన్ చిత్రకారుడు విలియం హార్నెట్ సంతకం ఉన్నా, పనితనం ఆయనదిలా లేదన్న మీ సందేహం సమంజసమే. ఆయన కాలపు మరో అమెరికన్ చిత్రకారుడు జాన్ పీటో (1854–1907) చిత్రాలు అనేకం హార్నెట్ దొంగ సంతకంతో దశాబ్దాలపాటు చలామణీ అయ్యాయి. 1940ల చివర్లో కళా విమర్శకుడు ఆల్ఫ్రెడ్ ఫ్రాంకెన్‌స్టైన్ న్యూజెర్సీలోని ఐలండ్ హైట్స్‌లో పీటో ఇంటికి వెళ్లి, ఆ చిత్రాల్లోని వస్తువులను అక్కడే చూడటంతో గుట్టు బయటపడసాగింది. కనుక సంతకాన్ని పక్కనపెట్టి రంగు వేసిన తీరును పరిశీలించండి. హార్నెట్ ఇత్తడిని, కాగితాన్ని, చెక్కను దేని స్పర్శ దానికి తెలిసేంత నిశితంగా చిత్రిస్తారు. పీటో చిత్రాల్లో అంచులు మెత్తబడి, అన్నిటిపైనా మసక వెలుగు పరుచుకుని ఉంటుంది, వస్తువులు కూడా తరచుగా చిరిగినవో అరిగినవో అయివుంటాయి. చిత్రంలోని ఉత్తరంపై 1892 తర్వాతి తపాలా ముద్ర కనిపిస్తే వాదనే అక్కర్లేదు, హార్నెట్ ఆ ఏడాదే మరణించారు.