కారు స్పీకర్ల పని నేర్చుకుంటానంటున్నాడు, బీటెక్ మాన్పించమంటారా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. కాస్త వరి, కాస్త కొబ్బరి. మా అబ్బాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు గానీ ఎప్‌సెట్‌లో ర్యాంకు బాగా వెనక వచ్చింది. మేనేజ్‌మెంట్ కోటాలో బీటెక్ సీటు ఇస్తామని ఓ కాలేజీవాళ్లు ఇంటి చుట్టూ తిరుగుతున్నారు. చేర్పించాలంటే అప్పు చేయాలి. వాడేమో వాళ్ల బాబాయి కారు వెనక తలుపుల్లో సొంతంగా స్పీకర్లు బిగించాడు. మొదట్లో సౌండ్ పెంచగానే కారులో పాటల సెట్ ఆగిపోయేది. తర్వాత ఏదో యాంప్లిఫయర్ తెచ్చి సరిచేశాడు. అప్పట్నుంచి భీమవరంలో కార్ డెకార్ షాపులో చేరతానని ఒకటే పట్టు. చుట్టాలకి ఏమని చెప్పుకోవాలో తెలియడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: కాలేజీ సంగతి ముందు తేల్చేద్దామండి. అప్పు చేసి ఆ సీటు కొనకండి. ర్యాంకు చూసి చెప్తున్న మాట కాదిది. పిల్లాడికి మనసు లేని నాలుగేళ్ల చదువులో చివరికి బ్యాక్‌లాగులూ వడ్డీలే మిగులుతాయి. అలాగని రేపే షాపులో దింపేసి రమ్మని కూడా అనను. మధ్యలో ఇంకో దారి ఉంది. దానికి ముందు మీవాడు చేసిన పని ఎంతటిదో చూద్దాం.

చాలా కార్ల చవక మోడళ్లలో కంపెనీ ముందు తలుపుల్లో మాత్రమే రెండు స్పీకర్లు ఇస్తుంది. వెనక కూర్చున్నవాళ్లకి పాట సరిగ్గా వినపడదు. అందుకే అందరూ వెనక కూడా పెట్టించుకుంటారు. మీరు రాసినదాన్నిబట్టి చూస్తే, మీవాడు ముందు స్పీకర్ల వైర్లకే అతుకు వేసి వెనక్కి లాగి ఉంటాడు. కారు స్పీకరు కరెంటుకి ఇచ్చే అడ్డు (నిరోధం) మామూలుగా 4 ఓమ్‌లు ఉంటుంది. అలాంటివి రెండు ఒకే జత వైర్ల మీద పారలల్‌గా కలిపితే సెట్ మీద పడే లోడు 2 ఓమ్‌లవుతుంది. అంటే అడ్డు సగమై, కరెంటు రెట్టింపు లాగుతుంది. సౌండ్ పెంచేసరికి లోపలి చిప్ వేడెక్కి, కాలిపోకుండా తనంతట తానే ఆగిపోతుంది. అట్టపెట్టె మీద 50 వాట్లు, నాలుగు ఛానెళ్లు అని రాసి ఉన్నా, అలాంటి సెట్ ఒక్కో స్పీకరుకి నిలకడగా ఇచ్చేది 15 నుంచి 20 వాట్ల దాకానే. కారులో ఉండేది 12 వోల్టుల బ్యాటరీ, ఇంజిన్ నడుస్తుంటే 14 చిల్లర. ఆ వోల్టేజీతో 4 ఓమ్‌ల స్పీకరుకి అంతకంటే పెద్దగా రాదు.

ఇంకో మాట. చాలా సెట్లకి వెనక స్పీకర్ల కోసం వేరే అవుట్‌పుట్ ఉంటుంది, కంపెనీ దాన్ని ఖాళీగా వదిలేస్తుంది. సెట్ బయటికి లాగి అది చూసి ఉంటే బాబాయిగారికి యాంప్లిఫయర్ ఖర్చు తప్పేదేమో. పోనివ్వండి. సెట్ ఆగిపోతుంటే వదిలేయకుండా ఎందుకా అని వెతికాడు చూడండి, నాకు కావలసింది అదే. అయితే ఆ కారణం వాడికి నిజంగా తెలుసా, లేక వీడియో చూసి బిగించేశాడా అన్నది మీరే తేల్చాలి.

ఒకరోజు అన్నాల దగ్గర మూడు సంగతులు అడగండి. సెట్ ఎందుకు ఆగిపోయేది? బ్యాటరీ నుంచి యాంప్లిఫయర్‌కి తెచ్చిన వైరుకి ఫ్యూజు ఎక్కడ పెట్టావు? నాలుగు స్పీకర్లూ మోగుతున్నా బేస్ పలచబడితే ముందు ఏం చూస్తావు? మొదటిదానికి జవాబు పైన చెప్పాను. రెండోదానికి, బ్యాటరీకి జానెడు, మహా అయితే మూరెడు దూరంలో అనాలి. యాంప్లిఫయర్ దగ్గర పెట్టానంటే మాత్రం వెంటనే మార్పించండి. దారిలో ఎక్కడైనా వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే, బ్యాటరీకి దూరంగా ఉన్న ఫ్యూజు ఏమీ కాపాడదు, వైరు మొత్తం అంటుకుంటుంది. మూడోదానికి, ఏదో ఒక స్పీకరుకి ప్లస్, మైనస్ తిరగబడి ఉంటాయని చెప్పాలి. ఒకటి బయటికి తోస్తుంటే ఇంకోటి లోపలికి లాగుతుంది, బేస్ రెండిటి మధ్యా కొట్టుకుపోతుంది. రెండిటికి సొంత మాటల్లో చెప్పగలిగితే మీవాడికి ఎలక్ట్రానిక్స్ మీద చూపు ఉన్నట్టే. ఒక్కటీ చెప్పలేకపోతే వాడి ఇష్టం పాటల మీదే అనుకోండి. అప్పుడు మళ్లీ మాట్లాడదాం.

ఇక షాపు. మన వైపు ఈ పనికి గిరాకీ ఉంది, కాదనను. చేపల, రొయ్యల చెరువుల మీద డబ్బు వచ్చిన ఏడాది కొత్త కార్లు దిగుతాయి, సంక్రాంతికి హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి వచ్చే బండ్లు సరేసరి. కానీ షాపులో చేరిన కుర్రాడికి మొదట నేర్పేది సీటు కవర్లు, ఫిల్ములు, మ్యాట్లు. సౌండ్ పని చూపించినా వైర్ల చివర ఉండే కప్లర్‌కి (ప్లగ్గుకి) కప్లర్ తగిలించడం వరకే. ఆ పని ఎవరైనా నేర్చుకోవచ్చు, అందుకే దానికి జీతమూ అంతంతే. కొత్త కార్లలో సెట్ విడిగా ఉండటం కూడా తగ్గిపోతోంది. ఏసీ, రివర్స్ కెమెరా, స్టీరింగ్ మీద బటన్లు అన్నీ ఒకే స్క్రీన్‌లో కలిసిపోతున్నాయి. దాన్ని పీకి వేరే సెట్ పెట్టడం కుదరదు. కంపెనీ వైరు కోస్తే కారులో ఆ భాగానికి వారంటీ ఇవ్వం అంటారు. పసుపు రంగు కనెక్టరు ఎయిర్‌బ్యాగుది, తెలియక గెలికితే ప్రాణం మీదికి వస్తుంది. ఎలక్ట్రిక్ కారులో నారింజ రంగు కేబుళ్లు వందల వోల్టులవి, వాటి జోలికి పోనేకూడదు.

మన ఊళ్లకి ఇంకో తంటా ఉంది. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి రాగి అతుకులు త్వరగా చిలుం పడతాయి. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టి పంపిస్తే కొన్నాళ్లకే గరగర మొదలవుతుంది. తలుపు లోపల నీళ్లు ఆపే పల్చటి ప్లాస్టిక్ షీటు ఒకటుంటుంది. స్పీకరు కోసం దాన్ని చింపి, మళ్లీ అతికించకుండా ప్యానెల్ మూసేస్తారు. వానాకాలంలో కాళ్ల కింద కార్పెట్టు తడిసి ముక్కవాసన వేస్తుంటే కారణం తెలియక కారాయన ఊరంతా తిరుగుతాడు. లోపం ఎక్కడుందో మల్టీమీటరు (వోల్టేజీ, కరెంటు కొలిచే మీటరు) పట్టుకుని కనిపెట్టేవాడు, కంపెనీ వైరు ముట్టకుండా సిగ్నల్ తీసుకుని విడి యాంప్లిఫయర్ కలపగలిగేవాడు, ఒక్కో స్పీకరు సౌండ్ చెవికి చేరే ఆలస్యం, దాని స్థాయి లెక్క చూసి సరిచేసేవాడు ఏ ఊళ్లోనైనా ఒకరిద్దరే ఉంటారు. మీవాడు అలాంటివాడు కావాలంటే ఎలక్ట్రానిక్స్ పునాది కావాలి.

అందుకని నా సలహా, ప్రభుత్వ ఐటీఐలో ఎలక్ట్రానిక్ మెకానిక్ ట్రేడ్. రెండేళ్లు. పదో తరగతి అర్హత చాలు. ఇంటర్ చదివి మళ్లీ పదో తరగతి కోర్సా అని మీకు అనిపిస్తుంది, మీ చుట్టాలకి ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. అననివ్వండి. ఫిజిక్స్ చదివిన కుర్రాడికి అక్కడి థియరీ తేలిక, చేతిపని మీదే ధ్యాస పెట్టొచ్చు. ఈ ట్రేడ్ అన్ని ఐటీఐల్లో ఉండదు. దొరక్కపోతే ఎలక్ట్రీషియన్ తీసుకోండి. మోటారు మెకానిక్ ఈ అబ్బాయికి నేను చెప్పను, అందులో ఇంజిన్ పాలు ఎక్కువ. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ ఈసారి రాయలేదు కాబోలు, మీరు ఆ మాట ఎత్తలేదు. రాసి ఉంటే మూడేళ్ల ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) డిప్లొమా ఇంకా మంచిది. రాయకపోయినా దారి మూసుకుపోదు. ఐటీఐ తర్వాత బ్రిడ్జి కోర్సుతో పాలిటెక్నిక్ రెండో ఏడాదిలోకి, డిప్లొమా తర్వాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్షతో బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. చుట్టాలు అడిగితే ఈ వరసే చెప్పండి.

షాపు పూర్తిగా మాన్పించకండి. ఆదివారాలు, సెలవుల్లో పంపండి. ఓనరుతో ముందే మాట్లాడుకోండి: వైరింగ్ చేసే మేస్త్రీ పక్కనే ఉంచాలని, డబ్బు ఇవ్వకపోయినా ఫర్వాలేదని. ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌షిప్‌కి మాత్రం ఏదైనా పెద్ద కార్ల కంపెనీ సర్వీస్ సెంటరుకే పంపండి. 1961 అప్రెంటిసెస్ చట్టం ప్రకారం అక్కడ స్టైపెండ్ ఇస్తారు. కొత్త కార్ల వైరింగ్ డయాగ్రమ్‌లు చదవడం చేతికి వచ్చేది కూడా అక్కడే.

సొంత షాపు మాట ఇప్పుడు వద్దు. రెండు మూడేళ్లు చేయి తిరిగాక చిన్న వ్యాపారాలకి బ్యాంకులిచ్చే ముద్ర రుణం ఉంది, శిశు కింద 50 వేలు, కిశోర్ కింద 5 లక్షల వరకు. ఈలోగా వాడికి ఏమైనా కొనిపెట్టాలనుకుంటే మంచి మల్టీమీటరు, టంకం వేసే సోల్డరింగ్ ఐరన్, టెర్మినళ్లు నొక్కే క్రింపింగ్ ప్లయర్ కొనండి. సబ్ ఊఫర్ అడుగుతాడు, కొనకండి.

ఐటీఐ దరఖాస్తులు ఆన్‌లైన్లో విడతలవారీగా తీసుకుంటారు. పదో తరగతి మార్కుల మెమో, టీసీ, కుల ధ్రువపత్రం, ఆధార్ ఇప్పుడే ఒకచోట పెట్టుకోండి. మొదటి విడతలోనే వేయండి, ఎలక్ట్రానిక్స్ సీట్లు తక్కువ.