సమాధానం: స్లాబుకు ఒకరు, మరమ్మతుకు మరొకరు

పై అంతస్తు స్లాబుకూ, స్నానాలగది మరమ్మతుకూ సరుకంతా ఒకే చోట కొనాలా అని అడిగారు. వద్దండి, ఆ రెండు పనుల అవసరాలు వేరు.

స్లాబు పోత మధ్యలో సిమెంటు అయిపోయి పని ఆగితే, అక్కడ పడే అతుకు బలహీనంగా ఉంటుంది, తరువాత నీరు కూడా దిగవచ్చు. అందుకే చెప్పిన రోజుకు సరుకు మొత్తం దింపగల పెద్ద సరఫరాదారునే ఎంచుకోండి. ధర కాస్త ఎక్కువైనా ఇక్కడ వెనకాడకండి. ఇనుముకు పరీక్షాపత్రం అడిగి, అందులోని హీట్ నంబరును (ఒక విడతలో కరిగించిన ఉక్కుకు కర్మాగారం ఇచ్చే సంఖ్య) ఇనుప కడ్డీల కట్టకు ఉన్న చీటీతో సరిచూడండి. బస్తాపై తయారీ తేదీ చూడండి. 3 నెలలు దాటిన సిమెంటు వద్దు, నిల్వలో బలం తగ్గిపోతుంది.

స్నానాలగదికి దగ్గరలోని చిన్న దుకాణం చాలు. టైల్స్ మాత్రం ఒకే బ్యాచ్‌వి, పదో వంతు అదనంగా తీసుకోండి. మిగిలినవి వెనక్కి తీసుకుంటారేమో ముందే అడగండి.